నీలకంఠం రీడింగులు

జమాలున్నీసాను ఆ ఉద్యోగంలోకి తీసుకున్నది ఆమె వేళ్ళు చూసి. చదువు చూసి కాదు. చదువు ఎనిమిదో తరగతితోనే ఆగిపోయింది. రేవు పట్నం వన్ టౌన్‌లో, మెయిన్ రోడ్డు వెనక సందులో, ఆమె తండ్రి కరీం బాషాకి వాచీల రిపేరు కొట్టుంది. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిన జమాలున్నీసా, కొట్టులో తెర చాటున కూర్చుని తండ్రి దగ్గర ఆ పని నేర్చుకుంది. ఆయన కళ్ళకి పొరలు కమ్మాక పనంతా ఆమెదే. బయట బల్ల ముందు ముసలాయన కంటికి అద్దం తగిలించుకుని కూర్చునేవాడు. లోపల వాచీ విప్పేదీ బిగించేదీ కూతురు.

ఎనభై మూడు వేసవిలో గురునాథరావు గారు ఒక పాత వాచీ తెచ్చారు. ఊళ్ళో నలుగురు చూసి లాభం లేదన్న వాచీ. నాలుగు రోజుల తరవాత అది నడుస్తుంటే ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కరీం బాషా వణికే చేతుల్ని చూసి, "ఈ పని మీరు చెయ్యలేదు" అన్నారు. ముసలాయన అబద్ధమాడలేక తెర వైపు చూశాడు.

గురునాథరావు గారు సముద్ర పరికరాలు తయారుచేసే ఒక పరిశోధన కేంద్రంలో పెద్ద సైంటిస్టు. హార్బరు దారిలో కొండవాలు మీద పాత గోడౌన్లు రెండు కలిపి కట్టిన కేంద్రం అది. ఆయనకి కావలసింది వెంట్రుక కన్నా సన్నటివాటిని చెదరకుండా ఎత్తి, పెట్టాల్సిన చోట పెట్టగల చెయ్యి. ఇంజనీరింగు చదివిన కుర్రాళ్ళు ముగ్గురు ప్రయత్నించి, డజన్ల కొద్దీ పలుకులు విరగ్గొట్టి పోయారట.

ఆ పలుకులు సిలికాన్‌వి. బూడిదరంగులో గాజులా మెరిసేవి. మందునీళ్ళలో పెట్టి కరిగించగా కరిగించగా మధ్యలో ఒక సన్నటి వంతెన మాత్రం మిగిలేది. దాని పొడుగు బియ్యపు గింజంత కూడా ఉండదు, మందం తలవెంట్రుకలో మూడో వంతు. రెండు కొసలూ గట్టిగా పట్టి ఉన్న ఆ వంతెన కింద కరెంటుతో అదిరే బిళ్ళ ఒకటి పెడితే, వంతెన సెకనుకి పదకొండు వేలసార్లు ఊగేది. దాన్ని సముద్రంలోకి దింపితే నీటి బరువుకి ఆ ఊపు వేగం మారుతుంది, దాన్నిబట్టి లోతు తెలుస్తుంది అనేది గురునాథరావు గారి ఆలోచన. పలుకుని బిళ్ళ మీద అతికించి, చిన్న గాజు డిబ్బీలో పెట్టి మూత బిగించడం జమాలున్నీసా పని. అది ఎలా ఊగుతోందో మైక్రోస్కోపులో చూసి రాయడం నీలకంఠం పని.

నీలకంఠానిది చోడవరం దగ్గర పల్లెటూరు. బీఎస్సీ చదివాడు. మల్కాపురంలో అద్దెకుంటూ రోజూ బస్సు మీద వచ్చేవాడు. పొడుగ్గా, వంగినట్టు ఉండేవాడు. స్టూలు మీద ఒక మోకాలు పైకి మడిచి కూర్చుని, కన్ను మైక్రోస్కోపుకి ఆనించి, ఎడం చేత్తో వేగం తిప్పే నాబ్‌ని ఇంతింత చొప్పున జరుపుతూ, కుడిచేత్తో చూడకుండానే రాసేవాడు. రాసే ముందు పెన్సిలు కొసతో బల్ల మీద రెండుసార్లు కొట్టడం అతనికి అలవాటు. ఆమెను అక్కా అనేవాడు. మొదటి వారంలోనే ఆమెతో, "అక్కా, నీకినబడతందా ఆ కూత?" అన్నాడు.

వినబడుతూనే ఉంది. కింద బిళ్ళ అదురుతున్నప్పుడు సూదిలాంటి సన్నటి ఈల. యాభై దాటిన గురునాథరావు గారికి ఆ ఈల వినబడేది కాదు. వాళ్ళిద్దరూ చెబితే నవ్వి ఊరుకునేవారు.

గొడవ మొదలైంది ఎనభై నాలుగు జూన్‌లో. ఒకరోజు మధ్యాహ్నం నీలకంఠం స్టూలు మీంచి లేచి, గది చివరున్న ఆమె బల్ల దగ్గరకొచ్చాడు.

"అక్కా, ఒక్కసారొచ్చి సూడు. ఇది నాతో ఆటలాడతంది."

"ఏటయ్యింది?"

"యేగం పెంచుకుంటూ ఎల్తన్నాననుకో. ఊపు పెద్దదవతాది, ఇంకా పెద్దదవతాది, పదకొండు వేల రెండొందల నలభై దగ్గిర టపీమని పడిపోతాది. సరేనని ఎనక్కి తిప్పుకుంటూ వొస్తే, అక్కడ లెగాలి కదా? లెగదు. కిందకి, పదకొండు వేల తొంభై దాకా వొస్తేగాని లెగదు. ఎల్లీటప్పుడొకటి, వొచ్చీటప్పుడొకటి."

జమాలున్నీసా చేతిలో పట్టకారుంది. పట్టకారు కొసన పలుకుంది. జిగురు ఆరిపోతోంది. "ఇప్పుడు కాదు నీలకంఠం. ఇది అయిపోనీ, వొస్తాను" అంది.

వెళ్ళలేదు. ఆ సాయంత్రం మర్చిపోయింది. మర్నాడు అతను మళ్ళీ అడిగాడు. ఆ రోజు తండ్రికి ఒంట్లో బాగోలేదని పెందలాడే వెళ్ళిపోయింది. మూడోసారి అతను అడగలేదు.

జులైలో ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. గురునాథరావు గారు రీడింగుల పుస్తకం తెప్పించుకుని చూసి మండిపడ్డారు. ఒకే వేగం దగ్గర ఒక వరసలో పెద్ద ఊపు, ఇంకో వరసలో ఊపే లేదు. ఇలాంటి పరికరాన్ని సముద్రంలోకి దింపితే ఏ లోతు చెబుతుంది? ఆయన ఇద్దర్నీ గదిలోకి పిలిచారు.

"ఒకే వస్తువు, ఒకే వేగం, ఒకే ఊపు బలం. జవాబులు రెండెలా వస్తాయి?" అన్నారు. "వస్తే రెండే కారణాలు. అతుకు వదులుగా ఉండాలి. లేదా చూసేవాడు చూడకుండా రాసి ఉండాలి. అమ్మా, నీ అతుకు వదులా?"

ఆ చేతి పని తప్ప జమాలున్నీసాకి ఈ లోకంలో ఇంకేమీ లేదు. "నా పనిలో వదులుండదు సార్."

"అయితే రీడింగులు తప్పా?"

నీలకంఠం ఆమె వైపు చూశాడు. ఆమె గోడ మీద క్యాలెండరు వైపు చూసింది.

"అంతే కాబోలు సార్" అంది.

"నాను సూసిందే రాసినాను సార్" అన్నాడు నీలకంఠం. గొంతు పెంచలేదు. "తమరొచ్చి సూడండి."

ఆయన వెళ్ళారు, చూశారు కూడా. కానీ ఆయన చూసింది వేగం పెంచుకుంటూ పోతూ, ఒక్క వైపే. అంతవరకు అంతా మామూలుగానే ఉంది. వెనక్కి తిప్పి చూసే ఓపిక ఆ రోజు ఆయనకి లేదు. రీడింగులు అంచనాగా రాశానని ఒప్పుకుంటూ ఒక కాగితం రాసిస్తే వేరే సెక్షన్‌లో వేస్తానన్నారు. నీలకంఠం రాయలేదు. అతనిది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆగస్టులో పొడిగించలేదు. ఆఖరి రోజున పెన్సిలు చొక్కా జేబులో పెట్టుకుని, "ఎల్తన్నానక్కా" అని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆమె మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే "మంచిది" అంది.

ఆ తరవాత అతను మన్యం వైపు సర్వే పనికి వెళ్ళాడని విన్నారు. జనవరిలో చలిజ్వరంతో తిరిగొచ్చాడు. జ్వరం మెదడుకెక్కింది. పెద్దాసుపత్రిలో మూడు రోజులున్నాడు. అంతే. వయసు ఇరవై ఎనిమిది.

ఫిబ్రవరిలో అతని భార్య కేంద్రానికొచ్చింది, అతను అక్కడ పని చేసినట్టు కాగితమేదో కావాలని. పొట్టిగా, నల్లగా, చేతిలో గుడ్డసంచీతో గేటు దగ్గర నీడలో నిలబడింది. కిటికీలోంచి జమాలున్నీసా చూసింది. వెళ్ళి పలకరించాలనుకుంది. వెళ్ళలేదు. గంట సేపటికి ఆ మనిషి కాగితం సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రీడింగులకి కొత్త మనిషిని తీసుకోలేదు. అన్నాళ్ళూ తనే చూసుకున్న ఆ పనిని గురునాథరావు గారు ఇప్పుడు జమాలున్నీసాకే అప్పజెప్పారు. యంత్రంలో ఊపు బలం పెంచే నాబ్ ఒకటుంది. దాని పక్కన ఎవరో ఎర్ర రంగుతో సన్నటి గీత గీశారు. "ఈ గీత దాటించకు" అన్నారాయన. ఎందుకని ఆమె అడగలేదు. మైక్రోస్కోపులో వంతెన ఒక నల్లటి గీతలా కనబడేది. ఊగినప్పుడు ఆ గీత అటూ ఇటూ చెదిరి చిన్న విసనకర్రలా పరుచుకునేది. దాని వెడల్పు కొలిచి రాయడమే పని. పెంచుకుంటూ వెళ్ళినా తగ్గించుకుంటూ వచ్చినా ఒకటే అంకె. రెండు వారాలు చూసి, తను అన్నది నిజమేనని ఆమె మనసు కుదుటపరుచుకుంది.

మార్చిలో ఒక మధ్యాహ్నం రబ్బరు కోసం సొరుగు లాగితే అడుగున నీలకంఠం పుస్తకం దొరికింది. అందరూ భోజనాలకి వెళ్ళారు. గదిలో తనొక్కతే. తెరిచింది.

ఎడం వైపు ఎక్కేటప్పటి అంకెలు, కుడి వైపు దిగేటప్పటివి. పలుకు నంబరు ఒకటి, రెండు, మూడు... ముప్ఫై ఏడు పలుకులు. ముప్ఫై ఏడింటికీ ఒకటే తీరు. ఎక్కేటప్పుడు పైన పడిపోవడం, దిగేటప్పుడు కింద లేవడం. ఒక్కో పలుకుకి అంకెలు వేరు, తీరు మాత్రం ఒకటే. చూడకుండా రాసేవాడు ఇంత శ్రద్ధగా, ముప్ఫై ఏడుసార్లు, ఒకేలా తప్పు రాయడు. వాచీ పని చేసిన ఆమెకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. రోజుకి అయిదు నిమిషాలు వెనకబడే వాచీ ప్రతిరోజూ అయిదు నిమిషాలే వెనకబడుతుంటే, అందులో ఏదో నిజమైన కారణం ఉందన్నమాట. ముప్ఫై ఏడో పలుకు కింద చిన్న అక్షరాలతో ఒక మాట రాసుంది: "మధ్యలో ఉన్నప్పుడు బల్ల మీద కొడితే లేస్తోంది. ఒక్కోసారి దానంతటదే."

పెన్సిలు కొసతో అతను బల్ల మీద కొట్టేది అలవాటు కాదని ఆమెకప్పుడు తెలిసింది.

జమాలున్నీసా ఊపు బలం నాబ్‌ని ఎర్ర గీత దాటించింది. ఈల గట్టిపడింది. కన్ను ఆనించి వేగం పెంచుకుంటూ వెళ్ళింది. విసనకర్ర విచ్చుకుంది, ఇంకా విచ్చుకుంది, చూపు నిండా పరుచుకుంది, ఒక్క వెంట్రుకవాసి నాబ్ జరిగేసరికి మాయమైంది. సన్నటి నల్లగీత తప్ప ఏమీ లేదు. వెనక్కి తిప్పింది. మాయమైన చోటికొచ్చింది. గీత గీతలాగే ఉంది. ఇంకా వెనక్కి. గీతే. ఇంకా వెనక్కి వచ్చాక, ఎవరో చప్పున తలుపు తీసినట్టు, విసనకర్ర మళ్ళీ మొత్తం విచ్చుకుంది. ఆమె వెనక్కి జరిగి కూర్చుంది.

రెండోసారి వేగం పైదాకా పెంచి, ఊపు పడిపోయాక వెనక్కొస్తూ, రెండు అంకెలకీ నడిమధ్య నాబ్ ఆపేసింది. గీత కదలకుండా ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. బల్లని తాకలేదు. ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంది. ఎంతసేపు చూసిందో తెలీదు. గీత విచ్చుకుంది.

గదిలో ఎవరూ లేరు. కొండ కింద రేవుకి ఖనిజం మోసే వ్యాగన్లు కదిలితే నేల అదిరేది నిజమే. కానీ ఆ వారం రేవులో సమ్మె. వ్యాగన్లు ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి. పక్కన ఆ స్టూలు ఖాళీగా ఉంది. ఎండ కిటికీ మీద పడుతోంది. పట్టపగలు, ఒంటిగంట వేళ, జమాలున్నీసాకి ఆ స్టూలు వైపు తల తిప్పాలంటే భయమేసింది.

ఆ రోజు నుంచి ఆమెకి అదే పనైపోయింది. అందరూ భోజనాలకి వెళ్ళగానే తలుపు చేరేసి, బలం నాబ్‌ని ఎర్ర గీత దాటించి, వేగం మధ్యలో ఆపి కూర్చునేది. ఒక్కోరోజు అది విచ్చుకునేది కాదు. ఆ రోజు ఇంకా కష్టంగా ఉండేది, పిలిస్తే పలకని మనిషిలా. ఒక్కోరోజు రెండుసార్లు విచ్చుకునేది. తెచ్చుకున్న అన్నం డబ్బా తెచ్చుకున్నట్టే ఇంటికెళ్ళేది. మెషీను కట్టేశాక కూడా ఈల చెవుల్లో ఉండేది. కురుపాం మార్కెట్లో కూరగాయలు బేరమాడుతుంటే ఉండేది, నమాజు చాప మీద మోకరిల్లితే ఉండేది. ఆ ఈల అడుగున, "అక్కా, ఒక్కసారొచ్చి సూడు." వచ్చాను కదా, చూస్తన్నాను కదా, అని లోపల్లోపల అనుకునేది. అలా అనుకున్నందువల్ల ఏమీ తగ్గేది కాదు.

ఏప్రిల్లో ఆమె చెయ్యి వణకడం మొదలెట్టింది. వారంలో నాలుగు పలుకులు విరిగాయి. రెండేళ్ళలో రెండు కూడా విరగలేదు అంతకుముందు. ఇంట్లో టీ గ్లాసు అందిస్తుంటే సాసరు గలగలలాడింది. చూపు లేని కరీం బాషా ఆ చప్పుడు విన్నాడు.

"బేటీ, నీ చేతికేటయ్యింది?"

ఆమె ఏమీ లేదంది. ఆయన గ్లాసు కింద పెట్టి, ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. వాచీ ముల్లు చూసినట్టు, వేళ్ళ కొసలతో ఆ వణుకు చూశాడు. అప్పుడు అన్నీ చెప్పేసింది. తను అన్న ఆ మూడు మాటలు కూడా.

ముసలాయన ఆ చెయ్యి వదల్లేదు. "ఆడికి సెప్పాలనుకుంటే ఇంకెలగ సెప్తావ్" అన్నాడు చివరికి. "ఆడి మనిషుంది కదా. బతికున్నోళ్ళకి సెప్పు."

ముందు ఆమె గురునాథరావు గారి గదికి వెళ్ళింది. పుస్తకం ఆయన ముందు పెట్టి, తను చూసింది చెప్పింది. అరుస్తారనుకుంది. ఆయన అరవలేదు. సొరుగు తాళం తీసి కొన్ని కాగితాలు బల్ల మీద పెట్టారు.

"బెంగళూరు నుంచి స్నేహితుడొకాయన పంపారు" అన్నారు. "వంతెనని మెల్లగా ఊపితే బుద్ధిగా ఊగుతుందమ్మా. బలంగా ఊపితే అది సాగుతుంది. రెండు కొసలూ పట్టేసి ఉన్నాయి కదా, సాగితే బిగుసుకుంటుంది. బిగుసుకున్న తీగ ఇంకా వేగం కోరుతుంది. మనం వేగం పెంచుతుంటే అది కూడా వెంట వస్తూ వస్తూ, ఇక రాలేనన్న చోట పడిపోతుంది. పడిపోయినదాన్ని లేపాలంటే బాగా కిందికి రావాలి. ఆ మధ్యనున్నంతసేపూ జవాబులు రెండూ నిజమే. ఎటునుంచి వచ్చావన్నదాన్నిబట్టి ఉంటుంది. పెద్ద యంత్రాల్లో ఇది ఎప్పట్నుంచో తెలిసిన సంగతే. ఇంత చిన్నదాంట్లో వస్తుందని నేను అనుకోలేదు."

"అందుకనా సార్ ఆ ఎర్ర గీత?"

"ఊపు బలం తగ్గిస్తే ఈ గొడవే రాదు. ఆ ఒక్క నాబ్ తగ్గిస్తే చాలు."

"ఇది మీకెప్పుడు తెలిసింది సార్?"

"నవంబర్లో."

జమాలున్నీసా నెలలు లెక్కపెట్టుకుంది. "అప్పటికి నీలకంఠం ఉన్నాడు సార్."

"ఉన్నాడు."

"అడ్రసు దొరకలేదా?"

గురునాథరావు గారు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడవబోయారు. వేసుకున్నది ప్యాంటని గుర్తొచ్చి ఊరుకున్నారు. "వెతికితే దొరికేది" అన్నారు. "వెతకలేదు. రేపు, ఎల్లుండి అనుకున్నాను. ఉత్తరం మొదలుపెట్టి ఆపేశాను కూడా. ఏమని రాయాలి, నువ్వు చెప్పు."

ఆమె తెరిచి ఉన్న పుస్తకం మూసి ఆయన వైపు జరిపింది.

ఆదివారం ఆమె మల్కాపురం బస్సెక్కింది. రిఫైనరీ గోడ వెంబడి నడిచి, అడిగి అడిగి, పెంకుటిళ్ళ వరసలో ఆఖరిది పట్టుకుంది. నీలకంఠం భార్య పేరు తవిటమ్మ. అరుగు మీద కూర్చుని విస్తరాకులు కుడుతోంది. ఎవరని అడగలేదు. పీట జరిపింది.

"నాను మీ ఆయనతో పని సేసినాను" అంది జమాలున్నీసా.

"తెలుసు. బుర్కా అక్క అనీవోరు. అతుకులేసీ అక్క."

జమాలున్నీసా చెప్పాల్సింది దారి పొడుగునా వరస కట్టుకుంది. తీరా నోరు విప్పితే వరసంతా పోయింది. మీ ఆయన రాసింది నిజమే, ఒక్క అంకె కూడా తప్పు కాదు, నేను కళ్ళారా చూశాను, సారు కూడా ఒప్పుకున్నారు అని మాత్రం చెప్పగలిగింది.

తవిటమ్మ ఆకు మీద పుల్ల గుచ్చుతూనే ఉంది. "మరి తప్పని ఎవులు సెప్పేరు?"

వీధిలో ఒక లారీ వెళ్ళింది. అది వెళ్ళేదాకా జమాలున్నీసా ఆగింది. ఇక ఆగడానికి ఏమీ లేదు.

"నాను."

పుల్ల గుచ్చే చెయ్యి ఆగింది. తవిటమ్మ ఆమె మొహంలోకి చూసింది. తరవాత చూపు దింపుకుని ఒళ్ళో ఆకుల వైపు చూసింది.

"ఇంటికొచ్చి సెప్పేరు నాకు, ఇలగిలగ అని. నాకేటి తెలుసు? తప్పని రాసిచ్చీండి, ఏటైపోతాది అన్నాను. కొలువుంటాది కదా అన్నాను. మూడు దినాలు అదే మాట అన్నాను. నువ్వు కూడానా అన్నారు. ఆ పొద్దు అన్నం తిన్లేదు." పుల్లని విరిచి పారేసింది. "మన్నెం ఎల్లొద్దని ఒక్కపాలి కూడా అన్లేదు నాను. కోపంగుండీది."

తవిటమ్మ లేచి నీళ్ళు తెచ్చిచ్చింది.

"అది నాకు సూపిత్తావా?" అంది.

ఆ వారంలోనే తవిటమ్మ కేంద్రానికొస్తే, గురునాథరావు గారే గేటు దగ్గరికొచ్చి ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. రండమ్మా అన్నారు. గది గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. జమాలున్నీసా మెషీను పెట్టింది. తవిటమ్మ స్టూలు మీద కూర్చోబోతూ ఉలిక్కిపడింది.

"ఈ కూతేటి?"

"నీకినబడతందా?"

"నిద్దట్లో పళ్ళమజ్జిని ఆయన తీసీవోరు ఇలగే. ఎలకేటని లెగిసి సూసీదాన్ని." చీర చెంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది. ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో చూడడం ఆమెకి వెంటనే రాలేదు. జమాలున్నీసా అరచేత్తో ఆమె ఎడం కన్ను మూసి పట్టుకుంది. ఇంకో చేత్తో ఆమె వేళ్ళని నాబ్ మీద పెట్టింది.

"మెల్లగా తిప్పు. ఇంకా మెల్లగా."

తవిటమ్మ తిప్పింది. విచ్చుకోవడం చూసింది, మాయమవడం చూసింది. వెనక్కి తిప్పింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోందో, ఎవరితోనైనా మాట్లాడుతోందో తెలీలేదు. విసనకర్ర మళ్ళీ లేచినప్పుడు జమాలున్నీసా అరచేతి కింద ఆ కనురెప్ప గట్టిగా కొట్టుకుంది. మళ్ళీ పైకి తిప్పింది, మళ్ళీ కిందికి. అరగంట పైనే అలా తిప్పుతూనే ఉంది. గుమ్మంలో గురునాథరావు గారు కాలు మార్చుకోకుండా నిలబడ్డారు. ఎవరూ చాలు అనలేదు.

చివరికి తవిటమ్మ లేచింది. ఏడవలేదు. బల్ల మీద గాజు డిబ్బీలో ఉన్న పలుకు వైపు, మామూలు కళ్ళతో, వంగి చూసింది.

"ఇంతేనా? దీన్లోనేనా?" అంది. "ఇది కంటికైనా ఆనటం లేదు కదమ్మా."

గురునాథరావు గారు ఒక కాగితం ఇచ్చారు. నీలకంఠం రాసిన రీడింగులన్నీ సరైనవేననీ, పొరపాటు తనదనీ, కేంద్రం ముద్ర వేసి సంతకం పెట్టిన కాగితం. జమాలున్నీసా చదివి వినిపించింది. తవిటమ్మ మడిచి జాకెట్లో పెట్టుకుంది. పుస్తకం ఇమ్మని అడిగింది. అది సర్కారుదని ఆయన నసిగారు. ఆమె చెయ్యి చాపి అలాగే నిలబడింది. ఆయన ఇచ్చేశారు.

ఎనభై ఆరులో ఆ పరికరం గురించి అచ్చయిన నివేదికలో ఆ రెండు జవాబుల సంగతికి ఒక అధ్యాయం ఉంది. మొదట గమనించింది నీలకంఠం అని అందులో రాశారు. కానీ తవిటమ్మ అది చూడలేదు. ఆ రోజు కేంద్రం నుంచి బయటికొచ్చాక ఆమెను జమాలున్నీసా బస్టాపు దాకా సాగనంపింది. ఇద్దరి చెప్పుల కిందా ఖనిజం ఎర్రదుమ్ము. బస్సు కనబడుతుండగా తవిటమ్మ అంది:

"నిన్ను తిట్టాలనే వొచ్చేను నాను. పొద్దుట్నుంచి మాటలు కూడగట్టుకున్నాను. ఇప్పుడు నోరు రావటం లేదు. ఏనాడో వొస్తాది. వొచ్చిన్నాడు నీకాడికొచ్చి తిడతాను."

"రా" అంది జమాలున్నీసా.

"తప్పకుండా వొస్తాను."

"రా తల్లీ. ఎప్పుడైనా రా."

బస్సు వెళ్ళిపోయింది. జమాలున్నీసా చెయ్యి మెల్లగా నిలకడకొచ్చింది. పని మునపట్లా చేసింది. భోజనాల వేళ తలుపు చేరేసి కూర్చోవడం మానేసింది. కానీ గేటు దగ్గర గుడ్డసంచీతో పొట్టి మనిషెవరైనా కనబడితే పట్టకారు పక్కన పెట్టి కిటికీ దగ్గరికెళ్ళేది. వేసవి పోయింది, వానలు పోయాయి. ఇంకో ఏడు, ఇంకో ఏడు. తవిటమ్మ రాలేదు.

ఎనభై ఎనిమిదిలో జమాలున్నీసా మళ్ళీ మల్కాపురం వెళ్ళింది. ఆ ఇంట్లో వేరే ఎవరో ఉన్నారు. పక్కింటి అరుగు మీదున్న గంగాలమ్మ అనే ముసలావిడ, వాళ్ళెప్పుడో చోడవరం వైపు వెళ్ళిపోయారమ్మా, ఏ ఊరో తెలీదు, అంది. కబురేమైనా ఉందా అని అడిగింది.

"వొస్తే ఒక మాట సెప్తావా?" అంది జమాలున్నీసా. "వన్ టౌన్లో మెయిన్ రోడ్డెనక సందు. కరీం బాషా వాచీల కొట్టని అడిగితే ఎవులైనా సూపిస్తారు. ఆదోరాలు రోజంతా అక్కడే ఉంటానని సెప్పు. మిగిలిన దినాలు పొద్దు గూకినాక ఉంటాను."

"ఎవులొచ్చేరని సెప్పను?"

"తిట్లు పడాల్సిన మనిషి ఇంకా కనిపెట్టుకునుందని సెప్పు" అని, జమాలున్నీసా మెట్లు దిగి, బస్సు కోసం నడిచింది.